పూర్వపక్షం లోపించిన వాదం

తెలుగునాట నేడు నలుగురు రచయితలు ఎక్కడ కూడినా వినవచ్చే ఫిర్యాదు ఒకటే: మర్యాద పోయింది. శాసనసభలో ఆడరాని మాట ఎవరో ఆడతారు. సభాపతి దానిని రికార్డు నుండి తొలగించేలోగా టెలివిజన్ ఊరూరా చాటివేస్తుంది. పత్రిక చేతికి రాగానే అందులోని వార్తకంటె ముందు ఆ పత్రిక ఏ పార్టీదన్న సంగతి పాఠకునికి స్ఫురిస్తుంది. సాహిత్యం ఇందుకు వెలియై లేదు. గ్రంథకర్త కులమేమి, ప్రాంతమేమి, ఏ సంఘంవాడు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే చాలు, పుటలు కోయకముందే సమీక్ష సిద్ధమౌతున్నది. ఫిర్యాదు నిజమైనదే. దానికి చెప్పుకొనే కారణం మాత్రం నిజం కాదు. వెనుకటివారు మృదుభాషులనీ, నేటివారే పరుషభాషులనీ ఒక నమ్మకం వ్యాపించి ఉన్నది. తెలుగు సాహిత్య చరిత్ర తెలిసినవారెవరూ ఈ మాట అనలేరు.

ప్రబంధావతారికలో ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి ముగిసిన వెంటనే కుకవినిందకు చోటు కేటాయించిన సాహిత్యం ఇది. వేములవాడ భీమకవి పేరు చెబితే లోకానికి ముందు గుర్తుకువచ్చేది ఆయన తిట్టు. కవిత్వం ఆ తరువాతి మాట. ఆధునికయుగం తొలి ఘడియలు కూడ ఎత్తిపొడుపులతోనే నడచినవి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి పత్రిక ‘వివేకవర్ధని’. కొక్కొండ వేంకటరత్నం పంతులుగారిది ‘ఆంధ్రభాషాసంజీవని’. కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ని వెలువరిస్తే వీరేశలింగంగారు ‘హాస్యసంజీవని’ని వెలువరించినారు. ఒకరి పత్రిక పేరులోని తోకను తెంచి మరొకరు తమ పరిహాసానికి అంటించుకొన్నారన్నమాట. కావున పరుషత్వం కొత్తది కాదు. కొత్తగా పోయినది మరొకటి ఉన్నది.

అదేమిటో గుర్తించడానికి న్యాయశాస్త్రం ఒక కొలబద్ద ఇచ్చింది. గౌతముని సూత్రాలలో చర్చ మూడు విధాలు: వాదం, జల్పం, వితండ. తత్త్వనిర్ణయం కోసం చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని నిలుపుకొనక, ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండ. (వ్యవహారంలో వితండను వాదంతో కలిపి ‘వితండవాద’మని ఒకే మాట చేసివేసినారు. ఆ రెండూ వేర్వేరని మరచిపోవడానికి ఆ సమాసమే కొంత తోడ్పడినదేమో.) వాదానికి మొదటి మెట్టు పూర్వపక్షం. తాను ఖండింపబోయే మతాన్ని తానే ముందుగా, దాని బలమంతా కనబడేటట్లు చెప్పడమే అది. ప్రత్యర్థి విని ‘ఔను, నా మాట ఇదే’ అని ఒప్పుకొనేటట్లు చెప్పినవానికే సిద్ధాంతం చెప్పే అర్హత కలుగుతుంది. ఇది సౌజన్యానికి సంబంధించిన నియమం కాదు, చదువుకు సంబంధించినది. తెలుగువారి వివాదాలలో ఇటీవల లోపించినది ఈ మెట్టే.

గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని ఈ దృష్టితో మరల చూడవలసి ఉన్నది. అది అల్పమైన తగాదా కాదు. పరీక్షలలో పిల్లలు ఏ భాషలో వ్రాయాలి, పాఠ్యపుస్తకం ఏ భాషలో ఉండాలి అన్న ప్రశ్న వెనుక చదువు ఎవరికి అందుతుంది అన్న ప్రశ్న ఉండినది. 1913లో జయంతి రామయ్య పంతులుగారు కావ్యభాషను సమర్థిస్తూ ఇంగ్లీషులో ఒక గ్రంథం వ్రాసినారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషను సమర్థిస్తూ ఆ యేడే ఇంగ్లీషులోనే విజ్ఞాపనం వ్రాసినారు. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయ సంఘానికి తమ అసమ్మతి పత్రం సమర్పించినారు. తెలుగు ఎట్లా వ్రాయాలన్న పోరు ఇంగ్లీషులో నడవడం ఆ కాలపు వింత. తీర్పు చెప్పవలసినవారు తెలుగువారు కారు గదా. ఆ తొలి విడతలో వ్యావహారిక పక్షం ఓడింది.

ఓడిన తరువాత గిడుగువారు చేసిన పని ముఖ్యమైనది. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను పెట్టినారు. ఊరూరా తిరిగి ఉపన్యసించినారు. అంతకంటె గొప్ప సంగతి: ప్రత్యర్థుల గ్రంథాలను ప్రత్యర్థులకంటె శ్రద్ధగా చదివినారు. ‘బాలకవి శరణ్యం’లో బాలవ్యాకరణ సూత్రాలను ముందుంచుకొని, వాటికి లొంగని ప్రయోగాలను పూర్వకవుల నుండి ఏరి చూపినారు. ‘గద్యచింతామణి’లో పాతగద్యం ఎట్లా ఉండేదో చూపినారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో, గ్రాంథికమే రక్షయని చెప్పే పండితులు తాము వ్రాసే గ్రాంథికంలోనే ఎక్కడెక్కడ జారిపడుతున్నారో పంక్తి పంక్తికీ పట్టి చూపినారు. ఆ పేరులోనే వెటకారం ఉన్నది. పుస్తకమంతటా దయాదాక్షిణ్యాలు లేవు. అయినా అది వాదమే కాని వితండ కాదు. ఎందుకంటే ఆయన దెబ్బ తగిలేది వ్రాతకు. ఆ వ్రాతను ఆయన పూర్తిగా చదివినారు. గ్రాంథికం తప్పని చెప్పడానికి గ్రాంథిక వాఙ్మయాన్నే సాక్ష్యంగా పిలిచినవాడు, తన పక్షంవారి మెప్పు కోసం మాట్లాడుతున్నవాడు కాడు.

ఆ వివాదంలో ఉభయులూ వాడిన నిందాపదాలను పోగుచేసి చూస్తే మరొక సంగతి తేలుతుంది. అపశబ్దం, దుష్టసంధి, గ్రామ్యం, అసాధువు, కృతకం—ఇవన్నీ మాటకు అంటగట్టిన దోషాలు. ఈనాటి వివాదాలలో చెలామణి అయ్యే పదాలు ఏవి? ద్రోహి, తొత్తు, భజనపరుడు, అమ్ముడుపోయినవాడు. ఇవన్నీ మనిషికి అంటగట్టినవి. మాటలో దోషం ఉన్నదంటే చూపాలి. చూపితే దిద్దుకోవచ్చు, లేక కాదని వాదించవచ్చు. మనిషే దోషమన్నప్పుడు చూపవలసినది లేదు, దిద్దుకోవలసినదీ లేదు. విమర్శలో పనికివచ్చే విశేషణం స్థానాన్ని మనిషిని కొట్టివేసే నామవాచకం ఆక్రమించినప్పటినుండి చర్చ అసాధ్యమైనది.

మనసు మారడానికి వీలున్నదా లేదా అన్నది వాదానికి కడపటి పరీక్ష. వీరేశలింగంగారు మొదట వ్యావహారికవాదానికి అనుకూలురు కారు. తెలుగు గద్యానికి తండ్రి అనిపించుకొన్న పెద్దకు తన పద్ధతిని కాదనుకోవలసిన అవసరమేమీ లేదు. అయినా 1919లో, దేహం విడవడానికి కొద్ది నెలల ముందు, రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్రభాషా ప్రవర్తక సమాజానికి ఆయన అధ్యక్షత వహించినారు. ఆయనను పక్షం ఫిరాయించినవాడని తెలుగువారు తలచుకోలేదు. అవతలి పక్షం పని కూడ వ్యర్థం కాలేదు. జయంతివారు ముందుండి నడిపిన ఆంధ్రసాహిత్య పరిషత్తు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు, గ్రాంథికవాదం ఓడిపోయి ఎన్ని దశాబ్దాలు గడచినా, వాడుకభాషలో వ్రాసేవారి బల్లమీదనే ఉన్నది.

అట్లని ఆ కాలాన్ని స్వర్ణయుగం చేయనక్కరలేదు. తిరుపతి వేంకటకవులకూ కొప్పరపు సోదరకవులకూ, వారికే మరల వేంకట రామకృష్ణకవులకూ జరిగిన వివాదాలు అచ్చమైన జల్పం. ‘గుంటూరుసీమ’, ‘గీరతం’ ఆ వేడిలో పుట్టినవే. అక్కడ జనం కూడ కవుల వెనుక రెండుగా చీలినారు. ఆ పద్యాలలోని ధార నేటికీ ముచ్చట గొలుపుతుంది. అవి ఏ విషయం మీద జరిగిన వివాదాలో మాత్రం పాఠకునికి గుర్తుండదు. పక్షాభిమానానికి మిగిలే ఫలం అంతే.

గాయపడినవాడు సైతం వాదం చేయగలడనడానికి తెలంగాణం ఒక గొప్ప నిదర్శనం ఇచ్చింది. తెలంగాణంలో కవులు పూజ్యమని ఒకరు వ్రాసినప్పుడు ‘గోలకొండ పత్రిక’ సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారికి ఎంత బాధ కలిగి ఉంటుందో ఊహించవచ్చు. నిజాం రాజ్యంలో తెలుగువాడు తన భాషలో చదువుకోవడానికే నోచుకోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగుతుండినది. ఆ స్థితిలో ఉన్నవారిని చూచి కోస్తా జిల్లాల పండితుడు అనగలిగిన మాటలలో అంతకంటె కఠినమైనది లేదు. ప్రతాపరెడ్డిగారు ప్రతినింద వ్రాయలేదని కాదు, అది చాలదని గ్రహించినారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. అందులో 354 మంది కవులు. ఇందులో పూర్వపక్షం ఎక్కడ ఉన్నదంటే, ఆ గ్రంథరూపంలోనే ఉన్నది. ‘లేరు’ అన్న మాటను ఆయన నింద అనుకొని ఊరకుండలేదు, ఒక ప్రతిపాదనగా తీసికొన్నారు. లేరన్నది నిజమో కాదో పరీక్షించినారు. పల్లె పల్లెకూ కబురు పంపి సాక్ష్యం పోగుచేసినారు. అందులోని పద్యాలన్నీ మేలైనవి కావు; కావని ఒప్పుకోవడం ఆ సంచికకు అగౌరవం కాదు. ఆ ఒక్క పుస్తకంతో ‘లేరు’ అన్న మాట తెలుగు విమర్శలో మరెవ్వరూ అనలేని మాట అయినది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావున్నది, అది చిన్నది కాదు. పైన చెప్పిన వాదమర్యాద అంతా సమానుల నడుమ నడచినది. పంతులుగారికీ పంతులుగారికీ, శాస్త్రిగారికీ శాస్త్రిగారికీ. ప్రత్యర్థిగా కూడ లెక్కింపబడని వారి మాటేమిటి? వారి పూర్వపక్షం ఎవరు వినిపించినారు? ఊరి బయట ఉంచినవానితో ‘మర్యాదగా మాట్లాడు’ అనడంలో మర్యాద ఒక గోడ. ఈ ప్రశ్నకు జాషువ కవిత్వమే తగిన సమాధానం. 1941 నాటి ‘గబ్బిలం’లో ఆయన ఎన్నుకొన్నది సందేశకావ్య రూపం. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపినట్లు, అంటరానివాడొకడు కాశీలోని శివునికి గబ్బిలంచేత కబురు పంపుతాడు. ఎందుకు గబ్బిలం? ఆ పక్షికి గుడిలోనికి అడ్డు లేదు. పూజారి లేని సమయం చూచి దేవుని చెవిలో ఊదగలదు. మనిషికి లేని ప్రవేశం అశుభమని లోకం తరిమే ప్రాణికి ఉన్నదన్న ఒక్క కల్పనతో వర్ణధర్మమంతా నిలువునా చీలిపోతుంది. పండితులు నెత్తిన పెట్టుకొనే ఛందస్సు, పండితులు నెత్తిన పెట్టుకొనే కావ్యరూపం, వారు మెచ్చే ధార. తన్ను వెలివేసినవారి సరస్వతిని వారికంటె చక్కగా నేర్చి, ఆ భాషలోనే వారిని బోనులో నిలబెట్టినాడు. ప్రత్యర్థి పక్షాన్ని లోపలినుండి తెలుసుకోవడమంటే ఇది. బహుశః ఆ శతాబ్దపు తెలుగు వాదాలన్నిటిలో ఇంత సంపూర్ణమైనది లేదు. అది పద్యకావ్యం కావడంచేత దానిని వాదమని ఎవరూ పిలవలేదు.

1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగినది. అప్పుడు అక్కడి విద్యార్థులు ఒక కరపత్రం పంచి రచయితలను నిలదీసినారు. శ్రీకాకుళంలో రైతాంగం పోరాడుతున్న వేళ మీరు ఎవరి వైపు అన్నది వారి ప్రశ్న సారం. ఆ యేడు జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడినది, శ్రీశ్రీ అధ్యక్షుడైనాడు. ఈ ప్రశ్నే ఆ తరువాతి అనర్థాలన్నిటికీ మూలమని కొందరంటారు. అది సరికాదు. రచయితను నీవు ఎటువైపని అడిగే హక్కు పాఠకునికి ఎప్పుడూ ఉన్నది. ఎటువైపో తేల్చుకొన్న శ్రీశ్రీయే దీనికి సాక్షి. తన ‘కవితా! ఓ కవితా!’ విని విశ్వనాథ సత్యనారాయణగారు ఎంత చలించిపోయినారో ఆయన దాచుకోక చెప్పుకొన్నాడు. ఆ ఇరువురి దారులు ఉత్తరదక్షిణాలు. జీవితమంతా ఒకరిమీద ఒకరు విసురుకొన్న మాటలకు లెక్క లేదు. 1976లో విశ్వనాథవారు పోయినప్పుడు శ్రీశ్రీ వ్రాసిన స్మృతిగీతం తెలుగులోని ఉత్తమ నివాళులలో ఒకటి. పక్షం తేల్చుకొన్న తరువాత కూడ ఎదుటివానిని చదవడం ఆయన మానలేదు. చెడినది ప్రశ్న కాదు. ఆ ప్రశ్న స్థానం. చదివిన తరువాత అడగవలసిన ప్రశ్నను చదవకముందు అడగడం అలవాటైనది. క్రమంగా అది చదవకుండా ఉండడానికి సాకు అయినది.

1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగిన తరువాత దళిత కవిత్వం కోపంతో వచ్చింది. 1993లో ‘నీలిమేఘాలు’, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనాలు వెలువడినవి. వాటి భాష మర్యాదగా లేదన్నవారు చాలమంది. స్త్రీల కవితలకు అశ్లీలమన్న ముద్ర వేసినారు. ఆ సంకలనాలలోని వస్తువేమిటో చెప్పి, అది ఎందుకు తప్పో నిరూపించినవారు మాత్రం అరుదు. మర్యాద పేరుతోనే పూర్వపక్షాన్ని ఎగవేయవచ్చునని అప్పుడు తేలింది. ఆ కవిత్వాన్ని సమర్థించినవారిలో కూడ కొందరు, అనుభవం లేనివానికి మాట్లాడే అర్హత లేదన్నారు. అనుభవించనివాడు తెలుసుకోలేడన్నది నిజమే అయితే కవిత్వం వ్రాయడమెందుకు? తమవారికి తెలిసినదే కదా, ఇతరులకు తెలియనే తెలియదు కదా.

ప్రాంతాల మధ్య వివాదం ముదిరిన కాలంలో ఈ రోగం వీధికెక్కింది. 2011 మార్చి 10న హైదరాబాదు టాంక్‌బండ్‌మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలను కూల్చినారు. వాటిలో అన్నమయ్య ఉన్నాడు, శ్రీశ్రీ ఉన్నాడు, జాషువ ఉన్నాడు. గుడి వెలుపల నిలబెట్టబడిన కవిని గట్టుమీదినుండి కూడ పడగొట్టినారు. ఆ పని చేసినవారి కోపానికి కారణం లేదనరాదు: ఆ వరుసలో తెలంగాణపువారు ఎందరో లెక్కించి చూచినవానికి మనసు కష్టపెట్టుకోవలసిన పనే కనబడుతుంది. ఆ ప్రాంతపు పలుకుబడిని సినిమాలలో దుష్టపాత్రకూ హాస్యపాత్రకూ మాత్రమే కేటాయించిన దశాబ్దాల అపహాస్యం ఆ వెనుక ఉన్నది. 1934లో ప్రతాపరెడ్డిగారి ముందున్న ప్రశ్నయే మరల వచ్చింది. జవాబు మాత్రం సంచిక కాలేదు, సుత్తి అయినది. అవతలివైపు ఉత్తములేమీ లేరు. విగ్రహాల కోసం కన్నీరు పెట్టినవారిలో, అక్కడ విగ్రహం లేనివారెవరని ఆలోచించినవారు కొద్దిమంది. 2013లో విభజన నిర్ణయం వెలువడినప్పుడు కోస్తా, రాయలసీమలలో కూడ రాజకీయనాయకుల విగ్రహాలు పగిలినవి. ‘ద్రోహి’ అన్న పదం ఆ యేండ్లలో ఉభయప్రాంతాలలో ఎన్నిసార్లు అచ్చయినదో చెప్పడం కష్టం. దాని ముందు ‘తెలంగాణ’ అని చేర్చేవారు ఇటు, ‘సమైక్య’ అని చేర్చేవారు అటు. ఉద్యమం పుట్టించిన మంచి పాట, మంచి కథ ఎన్నో ఉన్నవి. వాటిని అవతలి ప్రాంతపు విమర్శకులు తగినంతగా చదవలేదు. చదివినవారు మెచ్చుకొంటే తమవారి అనుమానానికి గురి అయినారు.

అనువాదకులకు ఇందులోని నష్టం త్వరగా తెలుస్తుంది. ఒక పుస్తకాన్ని మరొక భాషలోనికి తేవాలంటే, దానిలోని వాక్యాన్ని ఆ రచయిత ఎందుకు అట్లా వ్రాసినాడో క్షణమాత్రమైనా అతని పక్కన కూర్చుండి చూడక తప్పదు. ఇష్టంలేని అభిప్రాయాన్ని కూడ పూర్తి బలంతో పలికించవలసి వస్తుంది; బలం తగ్గించి అనువదిస్తే అది మోసం. పూర్వపక్షం చెప్పడం కూడ ఈ విధమైన అనువాదమే. తెలుగు నుండి తెలుగులోనికి చేసే ఈ అనువాదం ఇప్పుడు నిలిచిపోయినది. కడప కథను కరీంనగరం పాఠకుడు, వరంగల్లు కవితను విజయనగరం పాఠకుడు చదివేటప్పుడు నడుమ ఒక దుబాసీ కావలసినంత దూరం ఏర్పడినది. విమర్శకుడు చేయవలసిన పని అదే. ఎక్కువమంది విమర్శకులు మాత్రం ద్వారం దగ్గర కూర్చుండి వచ్చేవారి కులగోత్రాలు వ్రాసికొంటున్నారు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైన తరువాత భాషకు కూడ రెండు పండుగలు ఏర్పడినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 29, గిడుగువారి జన్మదినం. తెలంగాణంలో సెప్టెంబరు 9, కాళోజీ నారాయణరావుగారి జన్మదినం. నడుమ పదకొండు రోజుల ఎడం. ఆ ఇద్దరూ జీవితమంతా చెప్పినది ఒక్కటే: బడి కట్టిపెట్టిన భాషకంటె జనం నోట నలిగే భాష ఎక్కువని. ఇద్దరినీ ఒక వేదికమీద చదివే సభ ఏ రాష్ట్రంలోనైనా అరుదుగానే జరుగుతుంది. గిడుగువారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి నేడు ఈ రెండు రాష్ట్రాలలో దేనిలోనూ లేదు; 1936లో ఒరిస్సాలో కలిసింది. తెలుగు పోరాటానికి పూనుకోకముందే ఆయన అక్కడి కొండలలోని సవరల భాషను నేర్వడం మొదలుపెట్టినారు. దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నాగరికుల దృష్టిలో అది భాషే కాదు. సవరలనే గురువులుగా పెట్టుకొని, వారు పలికినది పలికినట్లు వ్రాసికొంటూ దశాబ్దాలు గడిపి, ఆయన ఆ భాషకు వ్యాకరణం వ్రాసినారు, నిఘంటువు కట్టినారు. వారి బిడ్డలకు వారి మాటలోనే వాచకాలు తయారుచేసినారు.